ఎలుక బృహద్ధమనిలో కనిపించిన మేలు మీ నాన్నగారి పాదాల దాకా వస్తుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తున్నాను, కొత్తగా చదివేవారికి కూడా సంగతి తెలియాలి. మీరు మహబూబ్‌నగర్‌లో ఎం.ఫార్మసీ చదువుతున్నారు. ఇల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. నాన్నగారికి పదేళ్లకు పైగా షుగర్ ఉంది, ఈ మధ్య అరికాళ్లు మొద్దుబారుతున్నాయి, రాత్రిళ్లు మంటలు పుడుతున్నాయి. ప్రాజెక్టులో ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో మధుమేహం తెప్పించి, నేరేడు గింజల సారం పట్టించి, రక్తనాళాల పనితీరు చూడాలనుకుంటున్నారు. అలాంటి ఒక పరిశోధన పత్రంలో ఎలుకల రక్తనాళాలు దాదాపు మామూలు స్థితికి వచ్చాయని చదివి మూడు సంగతులు అడిగారు. మధుమేహం జంతువుల రక్తనాళాలను ఎలా పాడుచేస్తుంది? ఆ ఫలితాలు మనుషులకు వర్తిస్తాయా? నాన్నగారికి మాత్రలు తగ్గించి నేరేడు గింజల పొడి ఇవ్వవచ్చా?

మూడో ప్రశ్నకు జవాబు ఆలస్యం చేయకూడదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మాత్రలు తగ్గించవద్దు, ఆపవద్దు. నేను ఫార్మకాలజీ బోధిస్తూ, ఎలుకల రక్తనాళాలపై చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి, వైద్యం చేసే డాక్టరును కాను. అయినా ఈ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా చెప్పగలను. అరికాళ్లు మొద్దుబారాయంటే నరాలు, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు ఇప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. ఈ దశలో చక్కెర అదుపు తప్పితే జరిగే నష్టం తర్వాత ఎంత బాగా అదుపు చేసినా పూర్తిగా పూడకపోవచ్చు. దీనికి జంతువుల్లోనే బలమైన రుజువు ఉంది, కింద చెబుతాను.

ఈ వారంలోనే ఆయనను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తపోటు, మూత్రంలో అల్బుమిన్, కంటి రెటీనా పరీక్ష చేయించండి. పాదాలకు మోనోఫిలమెంట్ పరీక్ష అడగండి. కళ్లు మూసుకోమని, ఒక నైలాన్ పోగును అరికాలిపై అది వంగేదాకా ఆనించి, తగిలిందో లేదో చెప్పమంటారు. రెండు నిమిషాల పని, కానీ పుండు పడే ప్రమాదం ఎవరికి ఉందో దానితో చాలావరకు తెలుస్తుంది. ఆయన మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే విటమిన్ బి12 కూడా చూడమనండి. ఆ మందు వాడేవారిలో కొందరికి బి12 తగ్గి, అచ్చం షుగర్ వల్ల వచ్చినట్టే కాళ్లు మొద్దుబారతాయి. అది సరిచేయగలిగిన కారణం.

మీ ప్రాంతం వారి విషయంలో ఇంకొకటి కూడా డాక్టరుకు చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో మీకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారిలో కొందరికి వెన్నెముక గట్టిపడి, నరాలపై ఒత్తిడి పడి, కాళ్లు తిమ్మిరెక్కడం, బిగుసుకుపోవడం ఉంటుంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. షుగర్ ఉన్న మనిషి కాళ్ల తిమ్మిరి అనగానే అందరి చూపూ షుగర్ మీదికే పోతుంది. నడక బిగుసుకుపోయినట్టు ఉన్నా, మెడ, నడుము వంగకపోయినా ఆ సంగతి తప్పకుండా ప్రస్తావించండి. ఈలోగా చెప్పులు లేకుండా చేలోకి వెళ్లనివ్వకండి, పత్తి కట్టె మోడు గుచ్చుకున్నా ఆయనకు తెలియకపోవచ్చు. తిమ్మిరి పోతుందని వేడినీళ్లలో కాళ్లు పెట్టించకండి, కాలినా తెలియదు. చుట్టో బీడీయో అలవాటుంటే దాన్ని మాన్పించడం కన్నా ఆ సన్నని నాళాలకు మీరు చేయగల మేలు ఇంకొకటి లేదు.

ఇక అసలు విషయం.

రక్తనాళం లోపలి వైపు ఒకే ఒక్క కణం మందంలో ఒక పొర ఉంటుంది. అదే ఎండోథీలియం. చాలాకాలం దాన్ని రక్తం బయటకు కారకుండా ఉంచే అస్తరుగానే చూశారు. నరాల కొసల నుంచి విడుదలయ్యే అసిటైల్‌కొలీన్ అనే పదార్థాన్ని బతికి ఉన్న జంతువుకు ఇస్తే రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోయేది. అదే పదార్థాన్ని గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, అంటే బృహద్ధమని నుంచి కోసిన పట్టీకి ఇస్తే ముడుచుకునేది. ఈ వైరుధ్యం ఫార్మకాలజీ వారికి ఎంతోకాలం అంతుపట్టలేదు. రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్జ్‌కీ అనే శాస్త్రవేత్తలు కుందేలు బృహద్ధమనితో పనిచేసి 1980లో కారణం చెప్పారు. పట్టీ కోసేటప్పుడు లోపలి వైపు రాసుకుపోయి ఆ పలుచని పొర ఊడిపోతోంది. పొర నిలిచి ఉంటే సడలుతుంది, ఊడితే ముడుచుకుంటుంది. అంటే అసిటైల్‌కొలీన్ కండరాన్ని తానుగా సడలించడం లేదు. ఎండోథీలియం నుంచి ఏదో పదార్థం విడుదలై కండరాన్ని సడలిస్తోంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయువు అణువని 1987 నాటికి తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు నోబెల్ బహుమతి దీనికే వచ్చింది. మీరు ప్రయోగశాలలో చేయబోయే పరీక్ష ఆ కుందేలు ప్రయోగానికి ప్రత్యక్ష వారసత్వం.

మధుమేహంలో మొదట చెడేది ఈ సడలించే గుణమే. 1980ల నుంచి స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల్లో, మధుమేహం తెప్పించే మరో రసాయనం అలాక్సాన్ ఇచ్చిన కుందేళ్లలో పదేపదే కనిపించినది ఇది. నాళాన్ని ముడిచే ఫినైలెఫ్రిన్ అనే మందుతో ముడిచిన రింగుకు, అంటే బృహద్ధమనిని అడ్డంగా కోసిన చిన్న వలయానికి, అసిటైల్‌కొలీన్ ఇస్తే, మామూలు జంతువు రింగు బాగా సడలుతుంది, మధుమేహ జంతువుది సగంలో ఆగిపోతుంది. అదే రింగుకు సోడియం నైట్రోప్రుస్సైడ్ ఇస్తే చాలా ప్రయోగాల్లో రెండూ సమానంగా సడలుతాయి. నైట్రోప్రుస్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌ను బయటి నుంచి నేరుగా కండరానికి అందిస్తుంది, ఎండోథీలియంతో దానికి పనిలేదు. కాబట్టి కండరం బాగానే ఉంది, లోపం లోపలి పొరలో ఉంది అని చెప్పగలుగుతాం. ఈ రెండో కొలత లేకుండా ఎవరైనా ఎండోథీలియం దెబ్బతిందని రాస్తే ఆ మాటను నేను నమ్మను. మీరూ నమ్మకండి.

చక్కెర ఎక్కువైతే ఈ పొరకే ఎందుకు ముందుగా దెబ్బ? కండర కణాల చుట్టూ గ్లూకోజు పెరిగితే అవి తమ రవాణా ప్రోటీన్లను తగ్గించుకుని లోపలికి వచ్చేదాన్ని కొంత అదుపు చేసుకుంటాయి. ఎండోథీలియం కణాలు ఆ పని సరిగా చేయలేవు. రక్తంలో ఎంత ఉంటే దాదాపు అంతా లోపలికి చేరుతుంది. అలా చేరిన గ్లూకోజు వల్ల కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం ఎక్కువగా పుడుతుందని, అక్కడి నుంచే మిగతా దారులన్నీ తెరుచుకుంటాయని మైఖేల్ బ్రౌన్లీ 2001లో ఒక సిద్ధాంతంగా చెప్పారు. పాలియాల్ మార్గం, ప్రోటీన్ కైనేజ్ సీ ఉత్తేజితం కావడం, చక్కెర ప్రోటీన్లకు అంటుకుని ఏర్పడే గ్లైకేషన్ పదార్థాలు, హెక్సోసమైన్ మార్గం, వీటి పేర్లు మీ సిలబస్‌లో విడివిడిగా ఉంటాయి. నాకు తోచినంతలో ఇవన్నీ కంఠస్థం చేయడం కన్నా ఒక్క ప్రతిచర్యను పట్టుకోవడం మేలు. సూపర్ఆక్సైడ్ ఎదురైతే నైట్రిక్ ఆక్సైడ్ క్షణం ఆగదు. రెండూ కలిసి పెరాక్సీనైట్రైట్ అవుతుంది. సూపర్ఆక్సైడ్‌ను తొలగించవలసిన ఎంజైమ్ కూడా ఆ వేగాన్ని అందుకోలేదు. నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతూనే ఉండవచ్చు, కండరానికి చేరేలోపే మాయమవుతుంది.

అక్కడితో అయిపోతే నష్టం కొంతే. పెరాక్సీనైట్రైట్ టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అనే సహకారక అణువును ఆక్సీకరిస్తుంది. ఎండోథీలియంలో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌కు అది అవసరం. అది తగ్గితే అదే ఎంజైమ్ నైట్రిక్ ఆక్సైడ్ మానేసి సూపర్ఆక్సైడ్ తయారుచేయడం మొదలుపెడుతుంది. మేలు చేయవలసినదే కీడు చేసేదిగా మారుతుంది, ఆ కీడు మళ్లీ తననే పోషించుకుంటుంది. మధుమేహ ఎలుకల్లో ఈ ఎంజైమ్ మోతాదు కొలిస్తే ఒక్కోసారి తగ్గకపోగా పెరిగి కూడా కనిపిస్తుంది. ప్రోటీన్ మోతాదు చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో గీత ముదురుగా ఉందని చూసి పనితీరు బాగుందని రాసిన విద్యార్థులను చూశాను. ఎంజైమ్ ఎంత ఉందన్నది ఒకటి, అది ఏం చేస్తున్నదన్నది మరొకటి.

కథ మొత్తం నైట్రిక్ ఆక్సైడ్‌దే అనుకోవద్దు. అలాక్సాన్ కుందేళ్ల బృహద్ధమనిలో తగ్గిన సడలింపు, ప్రోస్టనాయిడ్లనే పదార్థాల తయారీని ఆపే ఇండోమెథాసిన్ ఇస్తే తిరిగి వచ్చింది. వాటిలో ఒకటైన థ్రాంబాక్సేన్ గ్రాహకాలను అడ్డుకున్నా తిరిగి వచ్చింది. అంటే అక్కడ ఎండోథీలియం నాళాన్ని ముడిచే ప్రోస్టనాయిడ్లను కూడా విడుదల చేస్తోంది. పైగా ఏళ్లు గడిచేకొద్దీ నాళం గోడలోని కొల్లాజెన్ పోగులు గ్లైకేషన్ వల్ల ఒకదానికొకటి అతుక్కుని గోడే బిరుసెక్కుతుంది. అప్పుడు సడలమని సంకేతం అందినా గోడ సాగదు.

ఇప్పుడు మీ నమూనా సంగతి. స్ట్రెప్టోజోటోసిన్ స్ట్రెప్టోమైసిస్ ఆక్రోమోజెనెస్ అనే మట్టి సూక్ష్మజీవి నుంచి దొరికిన పదార్థం. దాని నిర్మాణంలో ఒక భాగం గ్లూకోజులా ఉంటుంది. అందుకే గ్లూట్2 అనే రవాణా ప్రోటీను దాన్ని గ్లూకోజు అనుకుని, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణంలోకి చేరుస్తుంది. లోపల అది డీఎన్ఏను దెబ్బతీస్తుంది. మరమ్మతు ప్రయత్నంలో కణం శక్తి తయారీకి కావలసిన ఎన్ఏడీ అనే అణువు నిల్వను ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. ఎలుక బీటా కణాల్లో గ్లూట్2 బాగా ఉంటుంది, మనిషి బీటా కణాల్లో తక్కువ, అందుకే మనుషుల కణాలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. కాలేయం, మూత్రపిండాల్లో కూడా గ్లూట్2 ఉంది కాబట్టి అక్కడా నేరుగా విషప్రభావం ఉంటుంది. ఈ కారణంగానే మంచి ప్రయోగంలో స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి, ఇన్సులిన్‌తో చక్కెర అదుపు చేసిన ఒక గుంపు ఉండాలి. ఆ గుంపులో నాళం బాగుంటేనే నష్టం చక్కెర వల్ల వచ్చిందని, రసాయనం వల్ల కాదని అనగలం. మన కళాశాలల ప్రాజెక్టుల్లో ఎక్కువగా మెట్‌ఫార్మినో గ్లిబెన్‌క్లమైడో ఇచ్చిన గుంపును పెట్టి వదిలేస్తారు. బీటా కణాలు దాదాపు అన్నీ పోయిన ఎలుకకు, ఆ కణాలను పిండి ఇన్సులిన్ తెప్పించే గ్లిబెన్‌క్లమైడ్ ఏం చేయగలదో మీరే ఆలోచించండి.

ఇంకా ముఖ్యమైనది, ఆ ఎలుక మీ నాన్నగారిలాంటి రోగి కాదు. దానిది ఇన్సులిన్ దాదాపు లేని, బక్కచిక్కిపోయే, చక్కెర 400 దాటే తీవ్రమైన స్థితి. ఆయనది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగిన రెండో రకం మధుమేహం, సాధారణంగా రక్తపోటు, కొవ్వులతో కలిసి ఉంటుంది. రెండో రకానికి దగ్గరగా ఉండాలని వేరే నమూనాలు వచ్చాయి. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ అనే హార్మోన్‌కు గ్రాహకం లోపించిన డీబీ/డీబీ చిట్టెలుకలు, జకర్ ఎలుకలు, లావెక్కకుండానే మధుమేహం వచ్చే జపాన్‌కు చెందిన గోటో-కకిజాకి ఎలుకలు అలాంటివే. మొహాలీలోని జాతీయ ఫార్మాస్యూటికల్ విద్యా పరిశోధన సంస్థ వారు 2005లో ప్రచురించిన పద్ధతిలో ఎలుకలకు రెండు వారాలు కొవ్వు ఎక్కువున్న ఆహారం పెట్టి, తర్వాత కిలో బరువుకు 35 మి.గ్రా. స్ట్రెప్టోజోటోసిన్ మాత్రమే ఇస్తారు. మన కళాశాలల వసతులకు ఇది అందుబాటులో ఉన్న దారి, మీకు ఇదే సూచిస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో వారి సొంత విస్టార్ జాతి ఎలుకల నుంచి పుట్టిన స్థూలకాయ రకాలు ఉన్నాయి, వాటిలో ఒకదానికి గ్లూకోజు తట్టుకునే శక్తి కూడా తక్కువ. మన పక్కనే ఇలాంటి సంపద ఉందని ఇక్కడి విద్యార్థులకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎన్ని రోజుల తర్వాత కొలిచారన్నది చాలామంది పట్టించుకోరు. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుక బృహద్ధమనిలో తొలి రోజున సడలింపు మామూలు కన్నా పెరగడం, ఒకటి రెండు వారాలకు తేడా లేకపోవడం, ఎనిమిది వారాలకు తగ్గడం ఒకే పరిశోధనలో కనిపించింది, 1999లో ప్రచురితమైంది. రెండో వారంలో కొలిచినవారు మధుమేహం నాళాలకు ఏమీ చేయదంటారు, ఎనిమిదో వారంలో కొలిచినవారు ఘోరంగా చేస్తుందంటారు. ఇద్దరి కొలతలూ సరైనవే. ఏదైనా సారం ఇచ్చి పదిహేను రోజులకే నాళం బాగైందని రాసిన పత్రం చూస్తే, అసలు చెడిందా అని ముందు అడగండి.

ఏ నాళాన్ని కొలిచారన్నది మరీ ముఖ్యం. బృహద్ధమనిని పట్టుకోవడం తేలిక, పెద్దది, చేతికి లొంగుతుంది, అందుకే అందరూ దానిపైనే పనిచేస్తారు. కానీ రక్తపోటునూ, కణజాలానికి చేరే రక్తాన్నీ నిర్ణయించేవి సన్నని ధమనులు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మొదట్లో నీటిమట్టం చూసి హుజూర్‌నగర్ చివరి ఆయకట్టు మడి తడిసిందో లేదో చెప్పలేం, ఇదీ అంతే. పైగా రెండు చోట్లా సడలింపు జరిగే తీరే వేరు. బృహద్ధమనిలో నైట్రిక్ ఆక్సైడ్‌దే ప్రధాన పాత్ర. సన్నని నాళాల్లో ఎండోథీలియం కణాల నుంచి కండరానికి పాకే విద్యుత్ మార్పు, అంటే హైపర్‌పోలరైజేషన్, పెద్ద వంతు మోస్తుంది. మధుమేహం దాన్నీ దెబ్బతీస్తుంది. పేగులకు వెళ్లే మెసెంటరిక్ ధమనుల చిన్న శాఖలపై పనిచేయాలంటే సన్నని నాళం ముడుచుకునే బలాన్ని కొలిచే వైర్ మయోగ్రాఫ్ అనే పరికరం కావాలి, అది మీ కళాశాలలో లేకపోవచ్చు. లేకపోతే మెసెంటరిక్ పడక మొత్తాన్ని పంపుతో ద్రావణం పంపి పీడనం కొలిచే పాత పద్ధతి ఉంది. చవకైనది, నిజాయితీగా పనిచేస్తుంది.

పాదాల సంగతికి దగ్గరగా వచ్చే ప్రయోగాలు ఇక్కడే ఉన్నాయి. నరానికి కూడా రక్తం కావాలి, దానికి వెంట్రుకల్లాంటి నాళాలు ఉంటాయి. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల్లో తొడ వెనక సయాటిక్ నరానికి అందే రక్తం తగ్గుతుంది. ఆ నరానికి రక్తం తెచ్చే చిన్న ధమనుల్లో అసిటైల్‌కొలీన్ సడలింపు చెడడం, నరంలో సంకేతాల వేగం తగ్గడానికి ముందే మొదలైనట్టు చూపిన ప్రయోగాలున్నాయి. నాళం ముందు, నరం తర్వాత. అయితే ఇది ఎలుకల క్రమం. మనుషుల్లో గ్లూకోజు నేరుగా నరకణాలకు చేసే కీడు, రక్తప్రసరణ లోపం రెండూ పెనవేసుకుని ఉంటాయి, దేని వంతు ఎంతని విడదీసి చెప్పడం కష్టం.

నష్టం పూడకపోవచ్చని పైన అన్నానుగా, దాని రుజువు కుక్కల్లో దొరికింది. ఎంగర్‌మన్, కెర్న్ అనే శాస్త్రవేత్తలు మధుమేహం తెప్పించిన కుక్కలపై ఐదేళ్ల ప్రయోగం చేసి 1987లో ప్రచురించారు. కొన్నింటికి ఐదేళ్లూ చక్కెర బాగా అదుపులో ఉంచారు, కొన్నింటికి ఐదేళ్లూ వదిలేశారు. మూడో గుంపుకు రెండున్నరేళ్లు వదిలేసి, తర్వాత రెండున్నరేళ్లు చక్కగా అదుపు చేశారు. రెండున్నరేళ్లు నిండేసరికి ఈ మూడో గుంపు కళ్లలో జబ్బు దాదాపు కనిపించనే లేదు. ఆ తర్వాత చక్కెర మామూలుగా ఉన్నా రెటీనా నాళాలు చెడిపోతూనే వెళ్లాయి. పాత చక్కెర జ్ఞాపకం నాళాల్లో మిగిలిపోయింది. మనుషుల్లోనూ ఇదే తేలింది. బ్రిటన్‌లో కొత్తగా రెండో రకం మధుమేహం బయటపడినవారిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. మొదట్లో గట్టిగా అదుపు చేసినవారికి ఆ మేలు, తర్వాత రెండు గుంపుల చక్కెర సమానమైపోయాక కూడా కొనసాగిందని 2008లో చూపారు. పాత రోగుల్లో మరీ కిందికి దించబోయినా ముప్పే. అమెరికా, కెనడాల్లో జరిగి 2008లోనే ఫలితాలు వచ్చిన అకార్డ్ పరీక్షలో అలా చేసిన గుంపులో మరణాలు పెరిగాయి. ఎంతకు దించాలో మీ నాన్నగారి డాక్టరే చెప్పాలి.

జంతువుల నుంచి మనుషులకు వచ్చేటప్పుడు కొన్ని నిలిచాయి, కొన్ని కూలాయి. అసలు లోపం మాత్రం నిలిచింది. 1990ల మొదట్లో మధుమేహ రోగుల చేతి ధమనిలోకి అసిటైల్‌కొలీన్ లాంటి మందులు ఎక్కించి ముంజేతిలో రక్తప్రవాహం కొలిస్తే, ఎలుకల్లో లాగే స్పందన తగ్గింది. రెండో రకం రోగుల్లో నైట్రేట్ల స్పందన కూడా తగ్గినట్టు కొందరు చూపారు, అంటే మనుషుల్లో కండరం కూడా కొంత చెడి ఉండవచ్చు. కూలినవాటిలో యాంటీఆక్సిడెంట్లు ముందు వరుసలో ఉన్నాయి. ఎలుకల్లో విటమిన్ ఇ, సి రింగులను చక్కగా బాగుచేశాయి. 9,000 మందికి పైగా చేరిన హోప్ అనే మందుల పరీక్షలో, అందులో మధుమేహులు వేలల్లో ఉన్నారు, విటమిన్ ఇ గుండెపోట్లను గానీ పక్షవాతాన్ని గానీ తగ్గించలేదని 2000లో తేలింది. అదే పరీక్షలో రామిప్రిల్ అనే రక్తపోటు మందు వాటిని తగ్గించింది. గ్లైకేషన్‌ను అడ్డుకునే అమైనోగ్వానిడిన్ 1986లో మధుమేహ ఎలుకల ధమని గోడలో కొల్లాజెన్ అతుక్కోకుండా ఆపి ఎంతో ఆశ రేపింది, మనుషుల్లో మందుగా నిలవలేదు. ఎలుక చెప్పినది అబద్ధం కాదు. ఎనిమిది వారాల ఎలుకలో మొదటి రోజు నుంచి ఇచ్చిన మందునూ, పదేళ్ల జబ్బున్న మనిషికి ఆలస్యంగా ఇచ్చిన మందునూ ఒకే కొలబద్దతో కొలవలేం.

నేరేడు గింజల దగ్గరకు వద్దాం. ఎలుకల్లో చక్కెర తగ్గించినట్టు పత్రాలు చాలా ఉన్నాయి, నేను కాదనను. మీరు చదివినలాంటి పత్రంలో మూడు విషయాలు వెతకండి. సారం ఎప్పుడు మొదలుపెట్టారు? స్ట్రెప్టోజోటోసిన్‌కు ముందో, ఆ వెంటనో ఇస్తే అది బీటా కణాలను విషం నుంచి కాపాడి ఉండవచ్చు, జబ్బు నయం చేసినట్టు కాదు. చక్కెర తగ్గిందా? తగ్గితే నాళం బాగుపడింది ఆ తగ్గుదల వల్లే కావచ్చు, సారానికి నాళంపై ప్రత్యేక ప్రభావం ఉందని అనలేం. సారాన్ని నేరుగా ఆర్గన్ బాత్‌లో, అంటే రింగును వేలాడదీసే ద్రావణపు గిన్నెలో వేశారా? బాత్‌లో వేస్తే రింగును సడలించే మొక్కల సారాలు లెక్కలేనన్ని. కడుపులో, కాలేయంలో మారిపోయాక రక్తంలో ఆ గాఢత ఎప్పటికీ రాకపోవచ్చు.

మోతాదు లెక్క కూడా వేసి చూడండి. ఎలుకకు కిలోకు 400 మి.గ్రా. సారం ఇచ్చారనుకుందాం. శరీర ఉపరితలాన్ని బట్టి మార్చే వాడుక సూత్రం ప్రకారం మనిషికి దాన్ని 6.2తో భాగించాలి, అంటే కిలోకు 65 మి.గ్రా. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 3.9 గ్రాముల సారం. పొడిలో పదో వంతు సారంగా దిగుతుందనుకుంటే రోజుకు 39 గ్రాముల గింజల పొడి. చెంచా పొడి మజ్జిగలో కలిపి తాగితే పత్రంలోని ఫలితం వస్తుందని అనుకోవడానికి ఆధారమే లేదు.

ప్రయోగం చేస్తున్నారు కాబట్టి చేతి పని గురించి కొంత. స్ట్రెప్టోజోటోసిన్‌ను చల్లని సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 4.5 దగ్గర, అప్పటికప్పుడు కలిపి వెంటనే ఎక్కించండి, నిలవ ఉంటే విచ్ఛిన్నమైపోతుంది. చేతి తొడుగులు వేసుకోండి, అది కేన్సర్ కారకం. చచ్చే బీటా కణాల నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి మొదటి రోజే చక్కెర పడిపోయి ఎలుకలు చనిపోవచ్చు, అందుకని ఆ రాత్రి గ్లూకోజు నీళ్లు పెట్టాలి. ఆ తర్వాత ఎలుకలు మామూలు కన్నా ఎన్నో రెట్లు నీళ్లు తాగుతాయి, అంతే మూత్రం పోస్తాయి. పంజరంలో పొట్టు రోజూ మార్చకపోతే పాదాలు, తోక పుండ్లు పడతాయి. ఇక్కడే మన జిల్లాల వారు ఒకటి గమనించాలి. బోరు నీళ్లు పెడితే మధుమేహ గుంపు ఎక్కువ నీళ్లతో పాటు ఎక్కువ ఫ్లోరైడ్ కూడా తాగుతుంది, మామూలు గుంపు తక్కువ తాగుతుంది. రెండు గుంపుల మధ్య మీరు అనుకోని ఇంకో తేడా వచ్చి చేరుతుంది. రెండింటికీ ఫ్లోరైడ్ తీసిన ఒకే నీరు పెట్టి, దాని కొలత నమోదు చేయండి. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టకండి. మన ఎండలకు కరెంటు పోయి గది వేడెక్కితే ముందు చచ్చేవి మధుమేహ ఎలుకలే, మిగిలిన బలమైన వాటితో ఫలితం వంకర పోతుంది.

రింగు తయారీలో తొందరపడవద్దు. ఛాతీ భాగంలోని బృహద్ధమనిని తీసి చల్లని క్రెబ్స్ ద్రావణంలో (శరీర ద్రవాన్ని పోలిన లవణ ద్రావణం) వేసి, అడుగున మెత్తటి మైనం ఉన్న పళ్లెంలో రెండు కొసలూ సూదులతో గుచ్చి నిలపండి. చుట్టూ ఉన్న పసుపు కొవ్వును చిన్న కత్తెరతో తీయాలి. ఆ కొవ్వు కూడా నాళాన్ని సడలించే పదార్థాలు విడుదల చేస్తుంది కాబట్టి ఒకదానికి ఉంచి ఒకదానికి తీయడం కుదరదు. ఎక్కడా సాగదీయకండి, లోపలికి శ్రావణం మొన పెట్టకండి. మూడు మిల్లీమీటర్ల రింగు కోసి, కొక్కేన్ని లోపలి గోడ రాసుకోకుండా జార్చాలి. 37 డిగ్రీల దగ్గర, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ వాయువు బుడగలతో గంటన్నర కుదురుకోనివ్వండి, పావుగంటకోసారి ద్రావణం మార్చండి. మధుమేహ రింగు సడలలేదంటే అది జబ్బు వల్లా, మీ చేతి మోటుదనం వల్లా అన్నది తేలాలి. అందుకే ఏ ఎలుక ఏ గుంపుదో రింగు కోసేవారికి తెలియకూడదు. గుర్తులు వేరొకరు రాసిపెట్టుకోవాలి. ప్రతి రింగుకూ చివర నైట్రోప్రుస్సైడ్ ఇవ్వాలి.

మధుమేహ రింగులు ఫినైలెఫ్రిన్‌కు కొన్నిసార్లు మామూలు వాటికన్నా గట్టిగా ముడుచుకుంటాయి. గట్టిగా ముడుచుకున్నదాన్ని సడలించడం ఎలాగూ కష్టం. కాబట్టి అందరికీ ఒకే గాఢత ఇవ్వకుండా, ప్రతి రింగూ తాను గరిష్ఠంగా ముడుచుకోగలిగిన దానిలో దాదాపు ముప్పావు వంతుకు చేరేలా గాఢత సరిచేసి, అప్పుడు అసిటైల్‌కొలీన్ ఇవ్వండి. లెక్కల్లో ఒక ఎలుక నుంచి తీసిన నాలుగు రింగులను నాలుగు జంతువులుగా చూపకండి. నాలుగు రింగుల సగటు ఒక్క జంతువు ఫలితం. ఆరు ఎలుకలుంటే మీ సంఖ్య ఆరే, ఇరవై నాలుగు కాదు. జంతు నైతిక సంఘానికి పెట్టే దరఖాస్తులో కూడా ఈ లెక్క ప్రకారమే ఎన్ని ఎలుకలు కావాలో రాయండి. ఎక్కువ అడిగితే సంఘం ఒప్పుకోదు, తక్కువ అడిగితే ఆ ప్రాణాలు వృథా అవుతాయి. ఇన్సులిన్ గుంపును మాత్రం ఖర్చుకు జంకి వదిలేయవద్దు. గైడు ఒప్పుకోకపోతే మోతాదుల గుంపుల్లో ఒకటి తగ్గించి, ఆ ఎలుకలను ఇన్సులిన్‌కు కేటాయించమని అడగండి.